గాయము, విశ్రాంతి, చలనము

కాలు బెణికినవానికి ఇంటిలో పెద్దలు మొదట చెప్పే మాట "కదలకు" అని. రెండవ మాట "మంచం దిగకు" అని. నొప్పి కలిగిన అవయవాన్ని కదల్చకుండ కాపాడుకోవడం మనిషికే కాదు, పశువుకు కూడ పుట్టుకతో వచ్చిన బుద్ధి. దెబ్బతిన్న కాలును నేల మోపక మూడుకాళ్ళ మీద కుంటుకుంటూ పోయే కుక్కను మనం వీధిలో చూస్తూనే ఉంటాము.

ఐతే ప్రతిదినం తెల్లవారుజామున నలుగురితో కలిసి పరుగు తీసే అలవాటున్నవానికి మోకాలు పట్టినా, మడమ నొచ్చినా, ఈ సలహా వలన రెండు నష్టాలు కలుగుతవి. కదలని దేహం బలం కోల్పోతుంది. అది మొదటి నష్టం. పరుగు మానినవాడు జట్టుకు దూరమౌతాడు. అట్లు దూరమైనవాడు గాయం మానిన తరువాత కూడ తిరిగి రాకపోవడం కద్దు. ఇది రెండవది, ఒక్కొక్కప్పుడు మొదటిదానికంటె పెద్దది.

గాయపడినవానికి ఎంత విశ్రాంతి కావలెను? ఎంత చలనం కావలెను? ఈ ప్రశ్న నూట ఏబది సంవత్సరాలకు పైగా వైద్యులను వేధించినది. సమాధానంలో కొంత భాగం వైద్యశాలలలో లభించగా, మిగిలిన భాగం పరుగుబాటల మీద లభించినది.

విశ్రాంతి రాజ్యమేలిన రోజులు

పందొమ్మిదవ శతాబ్దం నడుమ వైద్యులలో విశ్రాంతి పక్షమే బలంగా ఉండేది. లండను నగరంలోని గైస్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడైన జాన్ హిల్టన్ 1863లో తన ఉపన్యాసాలను గ్రంథంగా ప్రకటించినాడు. నొప్పి ప్రకృతి చేసే హెచ్చరిక అనీ, విశ్రాంతి ప్రకృతి ఇచ్చే మందు అనీ అందులోని సారాంశం.

ఈ పక్షానికి గొప్ప నాయకుడు లివర్‌పూల్ నగరవాసి హ్యూ ఓవెన్ థామస్ (1834–1891). ఇతని వంశం వేల్సు ప్రాంతానికి చెందిన ఎముకలు కట్టేవారి వంశం. పుత్తూరు కట్టు పేరు ఎరిగిన తెలుగువారికి ఇట్టి కుటుంబాలను గురించి వేరుగా వివరించనక్కరలేదు. తండ్రికి వైద్యపట్టం లేదు, చేతివాటమే విద్య. కుమారుడు వైద్యం చదివి, ఇంటి విద్యను శాస్త్రంతో జతపరచినాడు. జబ్బుపడిన కీలును చాలకాలంపాటు, ఎడతెగకుండ, ఏమాత్రం కదలనీయకుండ ఉంచవలెనని అతని సిద్ధాంతం. అందుకై అతడు కల్పించిన ఇనుప బద్దకట్టు మొదటి ప్రపంచయుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికులను పెక్కుమందిని బ్రతికించినది. విరిగిన ఎముక ముక్కలను కదలకుండ నిలుపవలెనన్న మాట నేటికీ సత్యమే.

కాని ప్రతి గాయమూ విరిగిన ఎముక కాదు. ఒకే మందును అన్ని జబ్బులకూ వాడినట్లు, విశ్రాంతిని అన్ని గాయాలకూ వాడడంలోనే చిక్కు వచ్చినది.

ఎదురుపక్షం

పారిస్ నగరంలో జస్ట్ లూకాస్ షాంపియోనియేర్ (1843–1913) అనే శస్త్రవైద్యుడు దీనికి ఎదురు చెప్పినాడు. కొన్ని రకాల ఎముకవిరుగుళ్ళలో కట్టును కొద్దికాలమే ఉంచి, మర్దనతోను, మెల్లని కదలికతోను చికిత్స చేయవచ్చునని అతడు 1895లో ప్రకటించిన గ్రంథంలో వాదించినాడు. నెలల తరబడి కట్టులో ఉంచిన కీలు బిగుసుకొనిపోవడం, కండరం సన్నబడడం అతడు కళ్ళార చూసినవే. సున్నపుకట్టు విప్పిన కాలును రెండవకాలి పక్కన పెట్టి చూసిన ప్రతివారికీ ఈ సంగతి తెలుసు.

అదే కాలంలో బెర్లిన్‌లో జూలియస్ వోల్ఫ్ 1892లో ఒక నియమాన్ని ప్రకటించినాడు. ఎముక రాయివలె మార్పులేని వస్తువు కాదు. తనమీద పడే భారాన్నిబట్టి అది తన లోపలి కట్టడాన్ని మార్చుకొంటుంది. భారం పడిన వైపు గట్టిపడుతుంది. భారం లేని వైపు పలుచబడుతుంది. కావడి మోసేవాని భుజంమీద చర్మం కాయకట్టినట్లే, లోపల ఎముక కూడ మోతకు అనుగుణంగా మారుతుందన్నమాట.

కీళ్ళలో ఎముకల చివరలను కప్పియుండే మృదులాస్థి సంగతి మరింత విచిత్రం. దానిలో రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవమే దానికి ఆహారం. తడిగుడ్డను పిండి వదిలితే మరల నీరు పీల్చుకొన్నట్లు, కీలు కదలినప్పుడు ఒత్తిడి పడి, తొలగి, ఆ ద్రవం మృదులాస్థిలోనికి వస్తూ పోతూ ఉంటుంది. కెనడా దేశంలోని టొరొంటోలో రాబర్ట్ సాల్టర్ 1970 నుండి కుందేళ్ళపై పరిశోధనలు జరిపి, గాయపడిన మృదులాస్థి కదలని కీలులోకంటె మెల్లగా కదులుతూ ఉన్న కీలులో బాగుగా మానుతుందని చూపినాడు.

ఈలోగా మంచం మీద పడియుండడమే ఒక జబ్బు అన్న ఎరుక కూడ వైద్యులలో కలిగినది. రిచర్డ్ ఆషర్ అనే ఆంగ్లవైద్యుడు 1947లో మంచం పట్టడం వలన కలిగే అపాయాలను వరుసగా పేర్కొంటూ ఒక వ్యాసం వ్రాసినాడు. కాళ్ళ నాళాలలో రక్తం గడ్డకట్టడం, ఎముకలలో సున్నం తరగడం, కండరాలు క్షీణించడం, చివరకు లేవాలన్న కోరికే నశించడం ఆ పట్టికలోనివి. దానికి కొద్దికాలం ముందే, 1945లో, అమెరికా సైనికవైద్యుడు థామస్ డెలోర్మ్ మోకాలు దెబ్బతిన్న సైనికులచేత క్రమక్రమంగా పెంచిన బరువులను ఎత్తించి, వారి కాళ్ళకు బలం మరల కలిగించినట్లు ప్రకటించినాడు. ఆ చికిత్సకు మూలసూత్రం వ్యాయామశాలలో వస్తాదు ఎరిగినదే: నేడు మోయగలిగినదానికంటె రేపు కొద్దిగా ఎక్కువ.

డల్లాస్‌లో ఐదుగురు యువకులు

విశ్రాంతి వలన కలిగే నష్టాన్ని అంకెలలో కొలిచిన ప్రసిద్ధ పరీక్ష 1966లో అమెరికాలోని డల్లాస్ నగరంలో జరిగినది. స్వీడన్ దేశీయుడు బెంట్ సాల్టిన్, అతని సహచరులు ఇరవై ఏండ్ల వయస్సుగల ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాలపాటు మంచం మీద పరుండబెట్టినారు. వీరిలో ఇద్దరు వ్యాయామం అలవాటున్నవారు, ముగ్గురు లేనివారు.

మనిషి తన శక్తికొలది శ్రమపడినప్పుడు దేహం నిమిషానికి ఎంత ప్రాణవాయువును వాడుకోగలదో అదే అతని దమ్ముకు కొలత. ఆ ఐదుగురిలో అది సగటున 3.3 లీటర్ల నుండి 2.4 లీటర్లకు, అనగా నూటికి సుమారు 27 వంతులు, పడిపోయినది. గుండె ఒక్కొక్క కొట్టుకు పంపే రక్తం తగ్గిపోవడమే అందుకు ముఖ్యకారణం. తరువాత సుమారు రెండు నెలల శిక్షణతో పోయిన బలం తిరిగి వచ్చినది.

కథ అంతటితో ముగియలేదు. ముప్పై సంవత్సరాలు గడచిన పిమ్మట, 1996లో, అదే ఐదుగురిని మరల పరీక్షించినారు. ముప్పై ఏండ్ల వయోభారం వలన వారు పోగొట్టుకొన్న దమ్ము, ఆనాటి మూడు వారాల మంచం వలన పోగొట్టుకొన్నదానికంటె తక్కువగా ఉన్నది!

గాయపడినవాడు "కాలు మానేదాకా కదలను" అని కూర్చుంటే నష్టపోయేది కాలొక్కటే కాదని దీనినిబట్టి తెలుస్తున్నది. దెబ్బ తగిలినది మడమకు. దండన పడినది గుండెకు.

ఆక్లండు కొండల మీద

వైద్యశాలలలో ఈ వాదోపవాదాలు జరుగుతూ ఉండగా, న్యూజీలండు దేశంలోని ఆక్లండు నగరంలో చెప్పుల కర్మాగారంలో పనిచేసే ఆర్థర్ లిడియార్డ్ (1917–2004) తన వాడలోని కుర్రవాండ్రను వెంటబెట్టుకొని కొండదారులలో 22 మైళ్ళ పరుగులు తీయించేవాడు. ఆ జట్టులో ముర్రే హాల్బర్గ్ అనే యువకుడు ఉండేవాడు. 1950లో, పదునేడవ ఏట, రగ్బీ ఆటలో అతని ఎడమభుజం దెబ్బతిని, నరాలు చెడి, చేయి చచ్చుబడిపోయినది. బట్టలు తొడుగుకోవడం మొదలు పనులన్నీ అతడు మరల నేర్చుకోవలసి వచ్చినది. ఆట పోయినా పరుగు మిగిలినది. 1960 సెప్టెంబరు 2న రోము నగరపు ఒలింపిక్ క్రీడలలో అతడు 5,000 మీటర్ల పరుగులో స్వర్ణపతకం గెలిచినాడు. ఆ చేతిని ఛాతీకి దగ్గరగా పెట్టుకొనే పరుగెత్తినాడు. మూడు సంవత్సరాల తరువాత వికలాంగులైన బాలబాలికలకు తోడ్పడేందుకై ఒక సంస్థను కూడ నెలకొల్పినాడు. 2022లో మరణించేవరకు అదే అతని ముఖ్యకార్యంగా ఉండినది.

లిడియార్డ్ పద్ధతి విజేతలకు మాత్రమే పరిమితం కాలేదు. 1962లో ఆక్లండులో మెల్లపరుగు సంఘం ఒకటి ఏర్పడినది. మధ్యవయస్కులు, వృద్ధులు, గుండెజబ్బు నుండి కోలుకొంటున్నవారు కూడ అందులో చేరినారు. ఇతరులతో పోటీ అక్కరలేదు. పక్కవానితో మాటలాడుతూ పరుగెత్తగలిగినంత వేగం చాలును. గుండెజబ్బు వచ్చినవానికి మంచమే గతి అనుకొనే రోజులలో ఇది సాహసమనే చెప్పవలెను.

ఆ సంవత్సరం చివర అమెరికాలోని ఆరిగన్ విశ్వవిద్యాలయపు శిక్షకుడు బిల్ బౌవర్మన్ ఆక్లండు వచ్చి ఒక ఉదయం ఈ సంఘంతో పరుగెత్తినాడు. గుండెపోటుకు గురై కోలుకొన్న, డెబ్బై ఏండ్లు దాటిన వృద్ధుడొకడు తనను దాటిపోగలిగియుండి కూడ, తోడుగా వెనుక నిలిచి తనతో నడవడం చూసి ఆ ప్రసిద్ధ శిక్షకుడు సిగ్గుపడినాడు. 1963లో యూజీన్ పట్టణంలో అట్టి సంఘాన్నే ప్రారంభించినాడు. ఒక హృద్రోగవైద్యునితో కలిసి అతడు వ్రాసిన మెల్లపరుగు పుస్తకం 1967లో వెలువడి పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయినది.

గాయాల వెల్లువ

లక్షలమంది పరుగెత్తగా, వేలమంది కుంటుతూ వైద్యులవద్దకు వచ్చినారు. అదే యూజీన్ పట్టణంలోని ఎముకల వైద్యుడు స్టాన్ జేమ్స్, ఇద్దరు సహచరులతో కలిసి 1978లో పరుగు గాయాలను పరిశీలించినాడు. వాటిలో సుమారు మూడింట రెండు వంతులు శిక్షణలోని పొరపాట్ల వలననే కలిగినవని తేల్చినాడు. హఠాత్తుగా దూరం పెంచడం, వేగం పెంచడం, అలసట తీరకముందే మరల పరుగెత్తడం ఇందులో ముఖ్యమైనవి. భారం లేక చెడిపోయే దేహమే మోయలేని భారం వలన కూడ చెడిపోతుందన్న మాట.

అదే 1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ గాయాలకు నాలుగు మాటల సూత్రం చెప్పినాడు: విశ్రాంతి, మంచుగడ్డ, బిగికట్టు, గాయపడిన అవయవాన్ని ఎత్తుగా ఉంచుట. ఈ నాలుగు మాటల ఆంగ్ల మొదటి అక్షరాలు కలిపితే బియ్యం అనే అర్థమిచ్చే 'రైస్' అవుతుంది. సులభంగా నోటికి వచ్చినందున ఇది లోకమంతట వ్యాపించినది. ముప్పై ఆరేండ్ల తరువాత, 2014లో, పూర్తి విశ్రాంతి, మంచుగడ్డ రెండూ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని ఆ వైద్యుడే వ్రాసినాడు. సూత్రం చెప్పినవాడే కొత్త నిదర్శనాలు చూసి దానిని సవరించుకొనడం శాస్త్రానికి శోభ.

ఈలోగా ఒక పరుగురాలు మధ్యేమార్గాన్ని లోకానికి చూపినది. 1984 ఏప్రిల్ 25న అమెరికా వనిత జోన్ బెనాయిట్‌కు యూజీన్‌లో మోకాటికి శస్త్రచికిత్స జరిగినది. చేసినవాడు స్టాన్ జేమ్సే. ఒలింపిక్ జట్టును ఎన్నుకొనే మారథాన్ పరుగుకు మిగిలినది పదునేడు దినాలు. కాలు పనిచేయని ఆ రోజులలో ఆమె సైకిలు పెడళ్ళను చేతులతో త్రిప్పి గుండెకు శ్రమ కలిగించినది. గుండెకు పని కావలెను గాని, ఆ పని కాళ్ళే కల్పించనక్కరలేదు గదా! మే 12న ఆమె ఎంపిక పరుగులో మొదటిదిగా వచ్చినది. ఆగస్టు 5న లాస్ ఏంజిలిస్‌లో, స్త్రీలకు ఒలింపిక్ చరిత్రలో మొట్టమొదటి మారథాన్‌ను 2 గంటల 24 నిమిషాల 52 సెకనులలో గెలిచినది. శస్త్రచికిత్స తరువాత పదునేడవనాడు మారథాన్ పరుగెత్తడం అందరికీ ఆదర్శం కాదు. గాయపడిన అవయవాన్ని కాచుకొంటూ మిగిలిన దేహానికి పని చెప్పడమే ఇందులో గ్రహించవలసిన పాఠం.

మడమ వెనుక స్నాయువు చెప్పిన సంగతి

పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే లావుపాటి స్నాయువు పరుగెత్తేవారిని తరచు బాధిస్తుంది. ఉత్తర స్వీడన్‌లోని ఉమియో నగరంలో ఎముకల వైద్యుడైన హోకాన్ ఆల్ఫ్రెడ్‌సన్ స్వయంగా పరుగెత్తేవాడు. ఈ నొప్పితో బాధపడేవాడు. శస్త్రచికిత్స చేయమని పైఅధికారిని అడిగితే ఆయన నిరాకరించినాడు. స్నాయువు తెగిపోతే తప్పక చికిత్స చేస్తారు గదా అని తలచి, దానిని తెంపడానికే అతడు నొప్పిని లెక్కచేయక కఠినమైన వ్యాయామం మొదలుపెట్టినాడు. ఆశ్చర్యమేమంటే స్నాయువు తెగలేదు, నొప్పియే పోయినది!

ఒక్కని అనుభవం శాస్త్రం కాదు. అందుచేత అతడు 1998లో సహచరులతో కలిసి, పరుగు అలవాటుగల పదిహేనుమందిపై ఈ పద్ధతిని పరీక్షించిన ఫలితాలు ప్రకటించినాడు. మెట్టు అంచున మునివేళ్ళపై నిలిచి మడమను మెల్లగా క్రిందికి దించవలెను. పైకి లేవడానికి రెండవకాలిని ఉపయోగించవలెను. మోకాలు చాపి ఒకమారు, కొద్దిగా వంచి ఒకమారు, ఒక్కొక్క విధంలో పదిహేనేసి చొప్పున మూడు విడతలు, దినానికి రెండు పూటలు, వెరసి 180. పన్నెండు వారాలు గడచేసరికి ఆ పదిహేనుమందీ తిరిగి పరుగు మొదలుపెట్టినారు.

అదే దేశంలో గోథెన్‌బర్గ్ నగరంలో కారిన్ సిల్బెర్నాగెల్, ఆమె సహచరులు ఇంకొక అడుగు ముందుకు వేసినారు. అట్టి నొప్పి కలిగిన 38 మందిని రెండు జట్లుగా విడదీసినారు. ఇరుజట్లకూ వ్యాయామ చికిత్స ఒక్కటే. మొదటి జట్టువారు పరుగును కొనసాగించవచ్చును. రెండవ జట్టువారు ఆరు వారాలు పరుగు, గెంతులు మానవలెను. పరుగెత్తేవారికి నొప్పియే కొలబద్ద. సున్న నుండి పదివరకు గల మానంలో నొప్పి 5 దాటరాదు, మరునాటి ఉదయానికి తగ్గిపోవలెను, వారం వారానికి హెచ్చరాదు. 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఇరుజట్లవారూ కోలుకొన్నారు; పరుగు కొనసాగించినవారికి దానివలన ఏ హానీ కలుగలేదు.

ఇట్టి పరిశోధనల ఫలితంగా 2012లో కొందరు వైద్యశాస్త్రజ్ఞులు పాత 'రైస్' సూత్రంలోని విశ్రాంతి అన్న మాటను తొలగించి, దాని స్థానంలో రక్షణ, తగిన భారం అన్న మాటలు చేర్చవలెనని సూచించినారు. హిల్టన్ చెప్పిన నొప్పి హెచ్చరికయే గాని, పూర్తిగా ఆగుమన్న ఆజ్ఞ కాదు. ఎంతవరకు పోవచ్చునో చెప్పే గుర్తు అది.

బుషీ పార్కులో ఒక శనివారం

ఇంతవరకు దేహం సంగతి. జట్టుకు దూరమైనవాని మనస్సు సంగతి ఏమిటి? దీనికి సమాధానం చెప్పినవాడు వైద్యుడు కాడు. గాయపడిన పరుగు సాధకుడే.

లండనుకు నైరుతిగా బుషీ పార్కు అనే విశాలమైన ఉద్యానవనం ఉన్నది. పాల్ సింటన్ హెవిట్ అనే ఆయన ఆ ప్రాంతంలో ఒక పరుగు సంఘ సభ్యుడు. 2004లో చాలకాలం మానని గాయం వలన ఆయన సంఘంతో కలిసి పరుగెత్తలేకపోయినాడు. మిత్రులకు దూరం కావడం ఆయనకు ఇష్టం లేకపోయినది. తాను పరుగెత్తలేకున్నా ఇతరులు పరుగెత్తేందుకు ఏర్పాటు చేయవచ్చును గదా అని తోచి, వారం వారం 5 కిలోమీటర్ల పరుగు ఒకటి నడపసాగినాడు. 2004 అక్టోబరు 2, శనివారం నాడు జరిగిన మొదటి పరుగుకు వచ్చినవారు 13 మంది. రుసుము లేదు. కాలం కాగితం మీద వ్రాసుకొనేవారు. పరుగు ముగించిన వరుస తెలియడానికి ఇనుపసామాను దుకాణంలో కొన్న వాషర్లనే బిళ్ళలుగా చేతికిచ్చేవారు.

తరువాత పార్క్‌రన్ అని పేరుపొందిన ఈ ఏర్పాటు నేడు ఇరవై దేశాలకు పైగా వ్యాపించినది. ఇందులో పరుగెత్తేవారెంత ముఖ్యమో, పనిచేసేవారూ అంత ముఖ్యం. ఒకరు గడియారం పట్టుకొంటారు, ఒకరు మలుపువద్ద దారి చూపుతారు, ఒకరు అందరికంటె వెనుక నడుస్తారు. ఈ చివరి మనిషి ఉండడం వలన వచ్చినవారిలో ఎవరికీ కడపటివాడనే చిన్నతనం కలుగదు. మోకాలు నొచ్చినవాడు ఈ వారం గడియారం పట్టుకొని, వచ్చే వారం వెనుక నడిచి, నెల తరువాత మెల్లగా పరుగెత్తవచ్చును. బ్రిటన్‌లో కుటుంబవైద్యుల కళాశాల 2018లో ఈ ఏర్పాటుతో చేయి కలిపినది; వైద్యశాలలు తమవద్దకు వచ్చినవారిని మందులతోపాటు ఈ శనివారపు పరుగుకు కూడ పంపవచ్చునని ప్రోత్సహించినది. 2022లో నడిచేవారికి ప్రత్యేకంగా ఆహ్వానం పలికినారు.

మనం గ్రహించవలసినది

ఇన్ని సంవత్సరాల చరిత్ర చివరకు చెప్పేది ఏమి? విరిగిన ఎముకకు, తెగిన బంధనానికి, ఉబ్బి వేడెక్కిన కీలుకు రక్షణ తప్పదు. రాత్రివేళ కూడ తగ్గని నొప్పి, కాలు మోపలేని నొప్పి, రోజురోజుకు పెరిగే నొప్పి ఉన్నప్పుడు వైద్యునికి చూపించవలెను. సన్నని బీట పడిన ఎముకతో పరుగెత్తడం పౌరుషం కాదు, అవివేకం. ఐతే రక్షణ గాయపడిన భాగానికే గాని దేహమంతటికీ కాదు. ఒక కాలు నొస్తే చేతులు పనిచేయగలవు. నేలమీద పరుగెత్తలేనివాడు నీటిలో ఈదగలడు, సైకిలు తొక్కగలడు, నడవగలడు. గాయపడిన భాగానికి కూడ వీలైనంత త్వరగా, ఓర్చుకోగలిగినంత భారం, దినదినం కొద్దిగా పెంచుతూ ఇవ్వవలెను.

ఇక జట్టు ధర్మం ఒకటున్నది. విశాఖపట్టణం సముద్రపు ఒడ్డునను, హైదరాబాదు ఉద్యానవనాలలోను తెల్లవారకముందే గుంపులుగా నడిచేవారు, పరుగెత్తేవారు నేడు ఎందరో కనిపిస్తారు. వారిలో ఒకడు పదిదినాలు కనిపించకపోతే "కాలు నొప్పియట, పడుకోనీ" అని ఊరుకోవడం స్నేహం కాదు. పరుగు మానినా రావడం మానవద్దని అతనికి చెప్పవలెను. వస్తే చేతికి గడియారమో, నీళ్ళ సీసాల బాధ్యతయో, కొత్తవారి వెంట నడిచే పనియో అప్పగించవలెను. స్నాయువు మానడానికి పన్నెండు వారాలు పట్టవచ్చును. ఆ పన్నెండు వారాలూ తోడివారి నడుమ ఉన్నవానికి తిరిగి పరుగు మొదలుపెట్టడం సులభం.